ఏడో అధ్యాయం: ఉల్లి తెలిసిన చెయ్యి

బొత్తిగా రాని పని మొదలుపెట్టేటప్పుడు మనం జాగ్రత్తగానే ఉంటాం. ఈత రానివాడు చెరువు గట్టున చెప్పులు విప్పి, ముందు ఒక కాలు పెట్టి చూస్తాడు. వాడికి పెద్దగా ఏమీ కాదు. బావిలో ఈత నేర్చి ఏట్లో దూకినవాడి గురించే భయపడాలి. నీళ్ళు నీళ్ళే కదా అనుకుంటాడు. బావి నీళ్ళు నిలబడి ఉంటాయనీ, ఏటి నీళ్ళు నడుస్తుంటాయనీ వాడి బుర్రకు తెలుసు. చేతులకూ కాళ్ళకూ తెలియదు.

ఈ అధ్యాయం అలాంటి పనుల గురించి. వచ్చిన పనిలాగే కనిపించే రాని పని అన్నమాట. ఈ సంగతి నాకు తెలిసొచ్చింది ఒక కూరగాయ మడిలో. కాబట్టి ఆ కూరగాయను నాటే పద్ధతి కూడా ఇందులో చెబుతాను. పెరడున్నవాళ్ళు అంతవరకే చదివి పార తీసుకుని వెళ్ళిపోయినా నాకు అభ్యంతరం లేదు.

ఆ కూరగాయ పేరు లీక్. లీక్ అంటే మనకు కారే కుళాయి గుర్తొస్తుంది, లేకపోతే పరీక్షకు ముందు రోజు బయటపడ్డ ప్రశ్నపత్రం గుర్తొస్తుంది. ఇది ఆ రెండూ కాదు. చూడ్డానికి బాగా బలిసిన ఉల్లికాడలా ఉంటుంది. అడుగున తెల్లగా, పైన ముదురాకుపచ్చగా, ఆకులు విసనకర్రలా రెండు పక్కలకూ విచ్చుకుని. మన దేశంలో ఊటీ కొండల మీద పండిస్తారు, పెద్ద నగరాల సూపర్‌మార్కెట్లలో దొరుకుతుంది. కానీ దాని అసలు రాజ్యం యూరప్ చలి నేలలు. వేల్స్ దేశానికైతే అది జాతీయ చిహ్నం. మార్చి 1న, వాళ్ళ సెయింట్ డేవిడ్ పండుగ రోజున, చొక్కాకు లీక్ గుచ్చుకుని తిరుగుతారు.

నేను ఉండేది ఇంగ్లండు ఈశాన్య మూల, న్యూకాజిల్ దగ్గర. బొగ్గు గనులు నడిచిన కాలం నుంచీ అక్కడి మగవాళ్ళకు లీక్ పిచ్చి. తినడానికి కంటే పోటీకి పెంచడమే ఎక్కువ. కాడ పొడవు ఆరంగుళాలు దాటకూడదు, లావు మాత్రం పిల్లవాడి తొడంత ఉండాలి. అలాంటి పోటీ లీకుల మీద రాత్రిపూట ఎవరైనా కత్తి పెడతారేమోనని కాపలా పడుకున్నవాళ్ళ కథలు చెప్పుకుంటారు. మనవైపు కోడిపుంజుల గురించి చెప్పుకున్నట్టే.

అక్కడ ఊరి పాలక సంస్థలు కూరగాయలు పండించుకోవడానికి జనానికి కాస్త కాస్త నేల ఏడాది అద్దెకు ఇస్తాయి. అలాట్‌మెంట్ అంటారు. 1908లో చేసిన చట్టం ఒకటి దీనికి వెన్నుదన్ను. పూర్తి ముక్క సుమారు 250 చదరపు మీటర్లు, మన లెక్కలో ఆరు సెంట్లు. నా వంతుకు అందులో సగం వచ్చింది. మూడు సెంట్ల భూస్వామినని మా అమ్మకు ఫోన్ చేసి చెప్పుకున్నాను.

మాది కర్నూలు జిల్లా, కోడుమూరు వైపు. ఉల్లి పండే నేల. మా చుట్టుపక్కల చాలామంది ఉల్లి విత్తనం నేరుగా చల్లేసేవాళ్ళు. మా ఇంట్లో మాత్రం నారు పోసి నాటేవాళ్ళం. బడికి సెలవులైతే నేనూ నాటులో వంగేదాన్ని. అమ్మ ముందు, నేను వెనక. నారు కొస తుంచడం, అంగుళం లోతున వేలితో గుచ్చడం, బొటనవేలితో మన్ను ఒత్తడం, పక్కకు జరగడం. ఈ నాలుగూ నాకు ఎక్కాలకంటే ముందు వచ్చాయి.

అలాంటిదాని చేతిలో లీక్ విత్తనాల పొట్లం పెడితే ఏమవుతుంది? పొట్లం విప్పగానే నవ్వొచ్చింది. అచ్చం ఉల్లి విత్తనాలే. అదే నలుపు, అవే పలకలు. మొలక కూడా అంతే, కొక్కెంలా మెడ వంచుకుని వస్తుంది. ఇంక పొట్లం వెనక రాసింది చదవడం ఎందుకు? జూన్‌లో నారు పీకి, కొసలు తుంచి, అంగుళం లోతున గుచ్చి, ఒత్తి, జరిగి, రెండు గంటల్లో రెండు వరుసలు ముగించేశాను. పక్క మడి పెద్దాయన, ఒకప్పుడు గనిలో పనిచేసి రిటైరైనవాడు, పార మీద గడ్డం ఆనించి చూస్తూ నిలబడ్డాడు. ఏమీ అనలేదు. నేను కాస్త గర్వంగానే నడుం ఎత్తాను.

అక్టోబరులో తవ్వితే ఒక్కో మొక్కకు రెండు వేళ్ళ వెడల్పు తెల్లకాడ, దాని మీద మూరెడు ఆకు. తోలులాంటి ఆకు. పెద్దాయన ఒకటి చేతిలోకి తీసుకుని చూసి, "ఉల్లిలా నాటావు" అన్నాడు. "మరి జూన్‌లోనే చెప్పొచ్చు కదా!" అన్నాను. ఆయన చెప్పిన జవాబు ఈ అధ్యాయానికి ప్రాణం: "నువ్వు అంత ధీమాగా నాటుతుంటే, తెలిసే చేస్తున్నావనుకున్నా."

నష్టం ఇక్కడ రెండు వైపుల నుంచీ జరుగుతుంది, గమనించండి. వచ్చిన పని అనుకుని మనం ఎవరినీ అడగం. వచ్చిన చెయ్యిలా కనిపిస్తున్నాం కాబట్టి ఎవరూ మనకు చెప్పరు. కొత్తవాడు తడబడుతుంటే దారిన పోయేవాడు కూడా ఆగి సాయం చేస్తాడు. చెయ్యి తిరిగినవాడు తప్పు చేస్తుంటే ఊరంతా మర్యాదగా చూస్తూ ఊరుకుంటుంది.

ఇంతకీ తప్పెక్కడ? ఉల్లికీ లీక్‌కూ చుట్టరికం నిజమే. వెల్లుల్లి కూడా ఆ ఇంటిదే. కానీ ఉల్లి తన కూడు గడ్డలో దాచుకుంటుంది. ఆ గడ్డకు గాలి కావాలి, ఎండ కావాలి. ఊరేకొద్దీ మట్టిలోంచి భుజాలు పైకి తోసుకొస్తుంది. లోతుగా పాతితే గడ్డ సాగిపోతుంది, మెడ లావెక్కుతుంది, నిలవకు పనికిరాదు. మా అమ్మ వేలు ఎప్పుడూ అంగుళం దగ్గరే ఆగింది అందుకే.

లీక్‌కు గడ్డ ముఖ్యం కాదు. మనం తినేది ఆ తెల్లకాడ. కాడ అన్నానే గాని అది కాండం కూడా కాదు. అరటిచెట్టును గుర్తు తెచ్చుకోండి. బోదె అని మనం అనేదంతా మట్ట మీద మట్ట చుట్టుకున్నదే కదా. లీక్ కూడా అంతే. అసలు కాండం అడుగున చిన్న బిళ్ళలా ఉంటుంది. దాని కింద నుంచి వేళ్ళు, పైనుంచి ఆకులు. కొత్త ఆకు ఎప్పుడూ నట్టనడుమ నుంచి పైకి లేస్తుంది. కాబట్టి మెడ దాకా మట్టిలో ఉన్నా దానికి ఊపిరాడకపోవడం ఉండదు. వెలుగు తగలని మేరకు పచ్చదనం పట్టదు, పీచు గట్టిపడదు. పాతర వేసిన తేగ తెల్లగా మెత్తగా ఉండేదీ ఇలాగే. కాబట్టి ఎంత లోతున నాటితే అంత కూర. నేను అంగుళం లోతున నాటాను, అంగుళంన్నర కూర తిన్నాను.

ఇప్పుడు పద్ధతి చెబుతాను. నాటడం దగ్గర కాస్త నిదానిస్తాను, మిగతావి తొందరగా దాటేస్తాను.

చలిదేశాల్లో మార్చి ఆఖరు, ఏప్రిల్ నెలల్లో నారు పోస్తారు. లోతైన ట్రేలోనైనా సరే, మడిలో ఒక మూలనైనా సరే. సెంటీమీటరు లోతు చాలు. మొలక రావడానికి రెండు మూడు వారాలు పట్టొచ్చు. మన ఎండలకు అలవాటుపడ్డ ప్రాణానికి ఆ ఆలస్యం విసుగే. నారు ఎదిగేది కూడా నత్తనడకనే. తొందరపడి గడ్డిపోచంత మొక్కను నాటకండి. పెన్సిలంత లావు, జానెడు ఎత్తు వచ్చాకే నాటు. దానికి పది పన్నెండు వారాలు పడుతుంది, అంటే జూన్, లేదా జులై మొదట్లో. అప్పటికి తొలి బంగాళాదుంపలు తవ్వేసిన మడి ఖాళీ అవుతుంది. అది దీనికి మంచి చోటు. ముందే పశువుల ఎరువు మాగి కలిసి ఉంటే ఇంకా మంచిది. కిందటేడు ఉల్లి, వెల్లుల్లి వేసిన చోట మాత్రం వద్దు. ఉల్లి జాతికి పట్టే తెల్లకుళ్ళు తెగులు ఒకటుంది. దాని గింజల్లాంటి బీజాలు మట్టిలో పదిహేనేళ్ళకు పైగా బతికే ఉంటాయి.

ముందురోజు సాయంత్రం నారుమడి తడపండి. పొడి మట్టిలోంచి పీకితే వేళ్ళన్నీ మట్టిలోనే ఉండిపోతాయి. పీకిన నారులో సన్నవీ వంకరవీ పక్కన పెట్టండి. వేళ్ళు మరీ బారుగా ఉంటే కాస్త కత్తిరించుకోవచ్చు, గుంతలోకి తేలిగ్గా దిగుతాయి. ఆకుల కొసలు కత్తిరించే సంగతికొస్తే, మా పెద్దాయన అది తప్పనిసరి అంటాడు. ఆకు తగ్గితే నీళ్ళు ఆవిరైపోవడం తగ్గుతుందని ఆయన లెక్క. ఆకే కదా మొక్కకు వంట చేసేది అని నా లెక్క. రెండేళ్ళు సగం కత్తిరించి, సగం వదిలేసి చూశాను. నా మడిలో తేడా కనిపించలేదు. ఆయనకు ఆ మాట చెప్పలేదు.

విరిగిన పార పిడి ఒకటి తీసుకుని మొన చెక్కండి. ఆరంగుళాల దగ్గర గీత పెట్టుకోండి. దాన్ని నేలలోకి నిలువుగా దింపి, అటూ ఇటూ తిప్పి పైకి లాగితే, బొటనవేలికి రెండింతల వెడల్పున నున్నటి గుంత పడుతుంది. గుంతకూ గుంతకూ ఆరంగుళాలు, వరుసకూ వరుసకూ అడుగు. ప్రతి గుంతలో ఒక మొక్క నిలువుగా వదలండి. వేళ్ళు అడుగుకు తగలాలి, ఆకు చివరలు మాత్రమే పైకి కనిపించాలి.

ఇక్కడే చెయ్యి దురద పెడుతుంది. మన్ను లాగాలనిపిస్తుంది, బొటనవేలితో ఒత్తాలనిపిస్తుంది. ఆగండి. గుంత పూడ్చకూడదు. చెంబుతో నెమ్మదిగా గుంత నిండా నీళ్ళు పోయండి, అంతే. ఆ నీళ్ళే చిటికెడు మన్నును కిందికి జార్చి వేళ్ళను కప్పుతాయి. పైన మిగిలిన ఖాళీ, కాడ లావెక్కడానికి ఉంచిన చోటు. తర్వాత వాన కొంచెం, నీరు కొంచెం, ఆ గుంత అంచులు తమంతట తామే రాలి పూడుకుంటాయి. కాడ ఎంత ఊరితే అంత. మరీ ఇసుక నేలైతే గుంత నిలవదు. అలాంటిచోట చాలు తీసి అడుగున నాటి, ఎదిగేకొద్దీ బోదెలా మన్ను ఎగదోస్తూ పోవాలి, ఆకుల సందుల్లో మాత్రం పడనీయకుండా.

నాటిన వారం రోజులు మడి చూడబుద్ధి కాదు. ఆకులు నేలకు వాలిపోతాయి. నాటు చెడిందని మళ్ళీ పీకి చూడకండి. రెండో వారానికి నిక్కుతాయి. ఆ వారంలో కురవకపోతే నీళ్ళు ఇవ్వండి. ఈగ, పురుగు ఆకుల్లో గుడ్లు పెట్టకుండా సన్న కన్ను వల కప్పితే సగం బెడద తీరుతుంది. ఆకుల మీద నారింజరంగు పొక్కులు వస్తే అది కుంకుమ తెగులు. చూడ్డానికి ఏడుపొస్తుంది గాని కాడ తినొచ్చు. శరదృతువు నుంచి వసంతం దాకా, కావలసినప్పుడు కావలసినన్ని తవ్వుకోవచ్చు. శీతాకాలపు రకాలు మంచు కింద కూడా నిలబడతాయి. ఎడింబరా దగ్గరి మసెల్‌బరా ఊరి పేరున్న పాత రకం అలాంటిదే. నేను ఏటా దాన్నే వేస్తాను. పట్టి లాగొద్దు, పక్కన పంగల పారతో కదిలించి తీయాలి. చేత్తో లాగితే ఆకులు చేతికొస్తాయి, కూర మట్టిలో ఉండిపోతుంది.

పద్ధతి ఇంతే. ఇక చేతి దురద సంగతి.

నేను కర్నూలులో ఎనిమిదేళ్ళు పంతులమ్మగా చేశాను. ఇంగ్లండు వచ్చాక ఒక ప్రాథమిక పాఠశాలలో సహాయకురాలిగా చేరాను. పిల్లలు పిల్లలే కదా, అక్షరాలు అక్షరాలే కదా. మొదటి నెలలో ఏడేళ్ళ పాప ఒకటి బోర్డు మీద ఒక మాట తప్పు రాసింది. మన బడిలో చేసినట్టే తరగతి అందరి ముందూ తప్పు చూపించి, దిద్ది, మూడుసార్లు రాయమన్నాను. కర్నూలులో అది కోపం కాదు, శ్రద్ధ. నా పిల్లలు దానికి అలవాటుపడి పెరిగినవాళ్ళు, పక్క బెంచీవాడు కూడా నిన్న దిద్దించుకున్నవాడే కాబట్టి సిగ్గు ఉండేది కాదు. ఈ పాప రెండు వారాలు బోర్డు దగ్గరకు రాలేదు. ఎందుకో నాకు అర్థం కాలేదు. అడుగుదామంటే, అనుభవమున్న టీచర్‌నని చెప్పుకుని చేరానాయె. చివరికి తరగతి టీచర్ తనే పిలిచి, ఇక్కడ తప్పును పిల్ల పక్కన కూర్చుని, గొంతు తగ్గించి, ముందు బాగా వచ్చినదేదో చూపించి ఆ తర్వాత చెబుతామని వివరించింది. గుంత పూడ్చి ఒత్తేశానన్నమాట. పాప లావెక్కడానికి చోటు లేకుండా.

ఏది మంచి పద్ధతి అన్న తగువులోకి నేను దిగను. అంగుళం లోతు ఉల్లికి తప్పు కాదు.

ఇలాంటివి మీ ఇళ్ళలోనూ ఉంటాయి. గేర్ల కారు ఇరవై ఏళ్ళు నడిపిన మనిషి ఆటోమేటిక్ కారెక్కితే, మొదటి సిగ్నల్ దగ్గర ఎడమకాలు అక్కడ లేని క్లచ్ కోసం వెతికి బ్రేకును తొక్కుతుంది. కారులో ఉన్నవాళ్ళంతా ముందుకు పడతారు. అసలు కారే నడపనివాడికి ఆ ప్రమాదం లేదు, వాడి ఎడమకాలికి ఏమీ రాదు. మా వైపునుంచి బళ్ళారి పోతే కన్నడం సగం అర్థమవుతుంది. ఆ సగమే కొంప ముంచుతుంది. "ఊట ఆయితా?" అని అడిగితే, భోంచేశారా అని అర్థం. మా మేనమామ ఒకసారి బావిలో ఊట గురించి అడుగుతున్నారనుకుని, ఈ ఏడు వానల్లేవని, ఊట ఇంకిపోయిందని పావుగంట చెప్పాడు. ఎదుటివాళ్ళు పాపం, అన్నం లేని మనిషనుకుని విస్తరి వేశారు.

మొక్కలకు కూడా ఈ మోసం తప్పదు. మన ఉల్లి రకాలు పగటి పొద్దును లెక్కపెట్టుకుంటాయి. పొద్దు పన్నెండు గంటలకు చేరువైందంటే గడ్డ కట్టే కాలమొచ్చిందని వాటికి గుర్తు. కర్నూలు దగ్గర ఆ లెక్క సరిపోతుంది. న్యూకాజిల్ లాంటి ఉత్తరపు ఊళ్ళో మార్చి ఆఖరుకే పగలు పన్నెండు గంటలు దాటిపోతుంది, జూన్‌లో సూర్యుడు రాత్రి తొమ్మిదిన్నర దాటాక గాని దిగడు. మన రకాన్ని అక్కడ వసంతంలో వేస్తే, ఇంకా నాలుగు ఆకులైనా రాకముందే గడ్డ కట్టాల్సిన వేళైందనుకుంటుంది. గోళీకాయలంత ఉల్లిగడ్డలు వస్తాయి. ఆ ఉల్లి సోమరిది కాదు. తనకు తెలిసిన గుర్తును నమ్ముకుంది, అంతే.

మరి ఏం చేయాలి? తెలిసిందంతా మరచిపోండి, ఖాళీ కుండలా వెళ్ళండి అని చెప్పే పుస్తకాలు చాలా ఉన్నాయి. నాకు ఆ సలహా మీద నమ్మకం లేదు. చెయ్యి మరచిపోదు. మరచిపోకూడదు కూడా. నారుమడి ముందురోజు తడపాలని, సన్న నారు ఏరేయాలని నాకు ఎవరూ చెప్పలేదు, అమ్మ చేతినుంచి వచ్చిందే. నేను చేసేది వేరు. కొత్త చోట అడుగు పెట్టిన వారంలో ఒక కాగితం తీసుకుని, ఈ పనిలో నా చెయ్యి అడక్కుండా చేసేసే వాటిని రాస్తాను. కొస తుంచడం. అంగుళం లోతు. మన్ను ఒత్తడం. తప్పు కనపడగానే పైకి చెప్పడం. ఒక్కోదాని పక్కన, పాత చోట అది ఎందుకు చేసేవాళ్ళమో రాస్తాను. కారణం వెంటనే తోస్తే పరవాలేదు. ఆ కారణం ఇక్కడ కూడా ఉందా లేదా అని చూసుకోవచ్చు. గడ్డకు గాలి కావాలి కాబట్టి అంగుళం అని ఒక్కసారి రాసి ఉంటే, గడ్డ లేని మొక్కకు అంగుళం ఎందుకని ఆ జూన్‌లోనే తట్టేది. కారణం తోచక, "ఎప్పుడూ అంతే కదా" అని కలం ఆగిపోయిన చోట ఎర్రసిరాతో గీత గీస్తాను. జారేది సాధారణంగా అక్కడే.

రెండోది కాస్త సిగ్గు విడవాల్సిన పని. మొదటి రోజే ఒకరికి నోరు తెరిచి చెప్పాలి: ఇలాంటి పని చేశాను గాని ఇది చేయలేదు, తప్పనిపిస్తే ఆపండి అని. పని రానివాడు ఈ మాట అనక్కర్లేదు. వచ్చినవాడే అనాలి. లేకపోతే పార మీద గడ్డం ఆనించి చూసేవాళ్ళు అక్టోబరు దాకా చూస్తూనే ఉంటారు.

ఇవన్నీ నేర్చానని అనుకుంటున్న ఏడాది మా అమ్మ వచ్చింది. జూన్ నెల. నాటు నాడు తనూ మడికి బయలుదేరింది, చీర మీద నా రెయిన్‌కోటు వేసుకుని. రెండు వరుసలు, వరుసకు ఇరవై నాలుగు గుంతలు. మొక్కలు గుంతల్లో వదిలి, నీళ్ళు పోసి, మళ్ళీ డబ్బా నింపుకొద్దామని కుళాయి దగ్గరకు వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి ఒక వరుస అంతా చదునుగా ఉంది. అమ్మ చివరి మొక్క దగ్గర వంగి బొటనవేలితో ఒత్తుతోంది.

"ఏమ్మే, ఇదేం నాటు? గుంతలో ఇసిరేసి పోతివి. మన్ను ఒత్తల్ల గదా. యేరు గాలికి ఎండిపోతాది."

కాడ లావెక్కాలి, అరటిబోదె, వెలుగు, అన్నీ చెప్పాను. అంతా విని, "ఉల్లి నాటినోళ్ళకు నువ్వు చెప్పొచ్చినావా" అంది. రెండో వరుస ముట్టుకోనివ్వలేదు నేను. తన వరుసను తవ్వి సరిచేయనివ్వలేదు తను.

మర్నాడు పొద్దున వెళ్ళి చూస్తే నా వరుసలో అయిదు మొక్కలు బయట పడి ఉన్నాయి. అక్కడ గోరువంకంత నల్లపిట్టలు తిరుగుతుంటాయి. పురుగుల కోసం తడిమట్టి కెలికి, వదులుగా ఉన్న నారును లాగి పారేస్తాయి. అమ్మ వరుసలో ఒక్కటీ కదల్లేదు. ఒత్తడానికి ఆ కారణం కూడా ఉందన్నమాట. నా కాగితంలో అది లేదు. మిగులు నారుతో అయిదు గుంతలూ నింపి, ఆ సాయంత్రమే వల కప్పాను. నాటిన రోజే వల కప్పమని పైన రాయలేదు కదా, ఇప్పుడు చేర్చుకోండి.

జనవరిలో తవ్వినప్పుడు నావి గాజుల చేతి మణికట్టంత వచ్చాయి. అమ్మవి రెండు బొటనవేళ్ళు కలిపినంత. కాకపోతే ఇరవై నాలుగుకు ఇరవై నాలుగూ ఉన్నాయి. నావి ఇరవై ఒకటి. తర్వాత వేసిన అయిదింటిలో మూడు వెనకబడి చచ్చిపోయాయి.

వంటింట్లో కూడా ఉల్లి తెలిసిన చెయ్యి ఒకసారి దెబ్బ తీస్తుంది, అది కూడా చెప్పేస్తాను. పోపులో ఉల్లిపాయలు ఎర్రగా వేగేదాకా మంట తగ్గించం. లీక్‌ను అలా వేయిస్తే మాడి చేదెక్కుతుంది. ముందు నిలువునా చీల్చి, మట్టల మధ్య ఇరుక్కున్న ఇసుక పోయేలా కుళాయి కింద పట్టండి. సన్నగా తరిగి, నూనెలో సన్నసెగ మీద మూత పెట్టి మగ్గనివ్వండి. రంగు మారకముందే వెన్నలా కరుగుతుంది. ఉడికిన పెసరపప్పు, పచ్చిమిరప, చివర నిమ్మరసం. చింతపండు వేస్తే దీని మెత్తటి తీపి ఎటో పోతుంది. నా మాట నమ్మకపోతే ఒక గిన్నెలో వేసి చూడండి.

అమ్మకు వీడియో కాల్‌లో రెండు వరుసలూ పక్కపక్కన పెట్టి చూపించాను. చాలాసేపు చూసింది. లావు గురించి ఏమీ అనలేదు. "నావి లెక్కపెట్టినావా?" అంది. పెట్టానన్నాను. "వచ్చే జూన్‌కు టికెట్టు తీయి. ఆ పార పిడి నాకియ్యి, గుంతలు నేను పొడుస్తా. సగం నువ్వు చెప్పినట్ల నాటుదాం. సగమే."